ఆదివారం ఆరాధనకు పాటల బృందాన్ని సిద్ధపరచడం: అపోహలు – వాస్తవాలు

ఒంగోలు, నెల్లూరు పరిసరాల సంఘాలలో పాటల పరిచర్య చేసేవారితో మాట్లాడినప్పుడల్లా కొన్ని అభిప్రాయాలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. అవి మంచి మనసుతో పుట్టినవే అయినా, ఆదివారం ఉదయం సంఘం నోరు తెరచి పాడకుండా అడ్డుపడుతున్నవి కూడా చాలాసార్లు అవే. బృందం ఎంత బాగా పాడిందన్న దానికంటే, వెనుక వరుసలో కూర్చున్న అవ్వ పల్లవి అందుకోగలిగిందా లేదా అన్నదే మన సిద్ధపాటుకు కొలత అని నమ్మి ఈ మాటలు రాస్తున్నాను.

అపోహ: పరిశుద్ధాత్మ నడిపింపు ఉంటే సాధన అవసరం లేదు, పాటలు ముందే నిర్ణయించుకోవడం ఆత్మను ఆర్పడమే.

మొదటి దినవృత్తాంతముల గ్రంథం 25వ అధ్యాయం చదివితే, దేవుని మందిరంలో పాడేందుకు నేర్పు పొందిన ప్రవీణుల లెక్క 288 అని, వారికి 24 వంతులుగా చీట్లు వేశారని కనిపిస్తుంది. వంతులు, శిక్షణ, లెక్క ఇవన్నీ ఆరాధనలో భాగంగానే అక్కడ రాయబడ్డాయి. అనుభవంలో కూడా అదే తేలుతుంది. పాట పూర్తిగా వచ్చిన బృందమే తల ఎత్తి సంఘాన్ని చూడగలదు, ప్రార్థన మధ్యలో అయ్యగారు, అంటే సంఘ కాపరి, సైగ చేస్తే వాద్యాలు తగ్గించి పల్లవిని మరొకసారి ఎత్తుకోగలదు. సాధన లేని బృందం చూపు కాగితం మీదే ఉంటుంది కనుక, నడిపింపు వచ్చినా దానిని అనుసరించే స్వేచ్ఛ దానికి ఉండదు. అయ్యగారు వాక్యభాగాన్ని బుధవారం నాటికి తెలియజేస్తే, దానికి తగిన పాటలను, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం) ఉన్న ఆదివారానికి వేరుగా ఒక పాటను, కానుకల సమయానికి మరొకదానిని తొందరపడకుండా ఎంచుకోవచ్చు.

అపోహ: శనివారం రాత్రి కూర్చుని పాడుకుంటే చాలు.

శనివారం రాత్రి రెండు గంటలు గట్టిగా పాడిన గొంతు ఆదివారం ఉదయానికి బొంగురుపోతుంది. అందువల్ల కలిసి చేసే సాధనను గురువారం లేదా శుక్రవారం సాయంత్రానికి జరిపి, శనివారాన్ని గొంతు విశ్రాంతికి, సాహిత్యం చదువుకోవడానికి వదలడం మేలు. మన ప్రాంతంలో ఇంకొక సంగతిని కూడా ఆలోచించాలి. పొగాకు క్యూరింగ్ నడిచే రోజులలో బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే కొట్ల) దగ్గర పగలూ రాత్రీ మంట చూసుకునే కుటుంబాలవారు మన బృందాలలో ఉన్నారు. ఆ వారాలలో వారిని సాధనకు రాలేదని మందలించడం న్యాయం కాదు. అప్పుడు అందరికీ వచ్చిన పాటలనే పెట్టుకుని, కొత్తవాటిని పని తగ్గిన తరువాతకు వాయిదా వేయాలి.

సాధనలో ఏమి చేస్తున్నామన్నది కూడా ముఖ్యమే. చాలా బృందాలు పాటను మొదటి నుంచి చివరి వరకు పదిసార్లు పాడుతాయి కానీ, ఎత్తుగడను, ముగింపును, ఒక పాట నుంచి మరొక పాటకు మారే చోటును మాత్రం వదిలేస్తాయి. ఆదివారం తడబాటు జరిగేది సరిగ్గా ఆ మూడు చోట్లే. ఉన్న సమయంలో సగాన్ని వాటికే కేటాయించినా ఎక్కువ కాదు.

అపోహ: పాటను రికార్డింగులో ఉన్న శృతిలోనే పాడాలి, లేకపోతే దాని అందం పోతుంది.

సంఘాలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదేనని నా అభిప్రాయం. రికార్డింగులోని శృతి ఆ గాయకుని గొంతుకు కుదిరినది, సంఘం కోసం పెట్టినది కాదు. హార్మోనియం లెక్కలో పురుషులు సాధారణంగా ఒకటి లేదా ఒకటిన్నర, అంటే సి లేదా సి షార్ప్ శృతిలోను, స్త్రీలు ఐదు లేదా ఐదున్నర, అంటే జి లేదా జి షార్ప్ శృతిలోను సుఖంగా పాడుతారు. సంఘంలో ఇద్దరూ ఒకేసారి పాడవలసి ఉంటుంది. అందుకని శృతి పేరు కంటే ముందు, ఆ వరుసలో అన్నిటికన్నా పైన పలికే స్వరం ఏది, అన్నిటికన్నా కింద పలికే స్వరం ఏది అని చూడాలి. పై స్వరం డి దాటకుండా, కింది స్వరం ఎ కంటే దిగకుండా శృతి పెట్టుకుంటే, ఎవరి స్థాయిలో వారు పాడుకుంటూ సంఘంలో ఎక్కువమంది చివరి చరణం దాకా నిలబడగలుగుతారు. ఉదయపు గొంతు ఇంకా పూర్తిగా తెరుచుకోదు కనుక, మొదటి పాటకు ఇంకొక అర స్వరం తగ్గించినా మంచిదే. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి శృతి మార్చేవారు, ఆ మార్పును గిటారు వాయించేవారికి చెప్పాలి, పాట ముగియగానే దానిని సున్నాకు తేవాలి. ఇది మరిచిన చోట తరువాతి పాటలో రెండు వాద్యాలు రెండు శృతులలో మోగుతాయి.

దీనికి ఆనుకునే మరొక పొరపాటు ఉంది: పాత కీర్తనలకు కీబోర్డులోని రెడీమేడ్ తాళాన్ని తగిలించడం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం ముద్రించి ఉంటాయి. సాధనకు ముందు ఆ ఒక్క పంక్తి చదివినా చాలా సందేహాలు తీరుతాయి. మిశ్రచాపు అంటే మూడు, నాలుగు కలిసిన ఏడు అక్షరాల నడక. దాని కింద నాలుగు దెబ్బల బీటు పెడితే మాటలు సాగదీయవలసి వస్తుంది, పెద్దలు పాడడం మానేస్తారు, పెద్దలకు తాళం రావడం లేదని కుర్రవారు అనుకుంటారు. నిజానికి తాళం తెలిసినది పెద్దలకే. 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ప్రాంతం మనది. అక్షరాలు రాకపోయినా విని నేర్చుకున్న కీర్తనలతోనే ఇక్కడి పల్లెలలో విశ్వాసం తల్లి నుంచి బిడ్డకు అందింది. అటువంటి కీర్తన వచ్చినప్పుడు బీటు ఆపివేసి, తబలా లేదా డోలక్ వాయించేవారికి తాళం అప్పగించాలి. వారు లేకపోతే చేతి తాళాలు చాలు.

కొత్త పాటలు ఎక్కువగా ఉంటేనే యవ్వనస్తులు వస్తారన్న మాటకు చిన్న జవాబు సరిపోతుంది. నెలకు ఒక కొత్త పాట నేర్పి, దానిని వరుసగా మూడు నాలుగు ఆదివారాలు పాడితే అది సంఘం పాట అవుతుంది; వారానికి రెండు తెస్తే ఏదీ కాదు.

అపోహ: శబ్దం ఎంత పెద్దగా ఉంటే ఆరాధన అంత బలంగా ఉంటుంది.

కాంక్రీటు స్లాబు, రేకుల కప్పు శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. అటువంటి మందిరంలో వాల్యూమ్ పెంచేకొద్దీ మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అర్థం కాకుండా పోతాయి. స్పీకర్లు పాడేవారికి ముందు వైపు ఉండి సంఘం వైపు తిరగాలి. పాడేవారి వెనుక పెడితే మైకు ఆ శబ్దాన్నే మళ్లీ అందుకుని కూత పెడుతుంది. మైకు తలను అరచేతితో మూసి పట్టుకున్నా కూత వస్తుంది కనుక పిడి దగ్గరే పట్టుకుని, నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో ఉంచాలి. బయటి హార్న్‌ల విషయంలో చట్టం కూడా ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాలలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. ఈస్టరు వేకువ ఆరాధనను సిద్ధపరిచేవారు దీనిని ముందే గుర్తుంచుకోవాలి. సాధనలోనే ఒక చరణాన్ని వాద్యాలు లేకుండా పాడడం అలవాటు చేసుకుని, ఆదివారం కూడా అలాగే చేస్తే, సంఘం నిజంగా పాడుతున్నదీ లేనిదీ అక్కడికక్కడే తెలుస్తుంది.

ఇక ఆదివారం ఉదయం బృందం గంట ముందు రావాలి. మైకుల పరీక్ష మొదటి అరగంటలోనే ముగించాలి, ఎందుకంటే ఆ తరువాత ముందుగా వచ్చి మోకరించే పెద్దలకు నిశ్శబ్దం కావాలి. కరెంటు పోతే ఏమి చేయాలో కూడా అప్పుడే అనుకోవాలి: ఇన్వర్టరు మీద కీబోర్డు ఉన్నా ఆంప్లిఫయర్ ఆగిపోవచ్చు కనుక, మైకు లేకుండానే పాటను కొనసాగించే ఒక స్త్రీ గొంతును, ఒక పురుషుని గొంతును ముందే నిర్ణయించి, వారిని సంఘానికి దగ్గరగా నిలబెట్టాలి.