‘ఆయ్, అర్థమైందండి’ అంటే నేర్చుకున్నట్టేనా?

పాలకొల్లు, భీమవరం, అమలాపురం, ఏ ఊరు తీసుకున్నా ఫోన్లో పాఠాలు చెప్పే టీచర్లు ఇప్పుడు ఒకరిద్దరైనా తగులుతున్నారు. 2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు గత్యంతరం లేక మొదలుపెట్టినవాళ్లు కొందరు, రుచి మరిగి కొనసాగిస్తున్నవాళ్లు కొందరు. ఎవరిని పలకరించినా అడిగేది ఒకటే: ‘ఇన్నిన్ని వీడియోల మధ్య మన పాఠం ఎవరు చూస్తారండీ? నిలబడేదెలా?’ సలహాలకు కొదవ లేదు. లైట్లు కొనమంటారు, థంబ్‌నెయిల్ మార్చమంటారు, రోజుకో షార్ట్ పెట్టమంటారు. వ్యూస్ వస్తే రావచ్చు. పిల్లాడికి పాఠం వచ్చిందా లేదా అన్నది మాత్రం వేరే లెక్క. మనస్తత్వ శాస్త్రంలో ఆ లెక్క మీద పని చాలానే జరిగింది. అందులో తేలినవి కొన్ని టీచర్లకు అంతగా రుచించవు.

క్లాసు గదిలో టీచరుకు మొహాలు కనిపిస్తాయి. మూడో బెంచీ కుర్రాడు తెల్లమొహం వేస్తే ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చెప్పవచ్చు. కెమెరా ముందు ఆ వీలు లేదు. లేకపోతే ఏమంత నష్టం, అనుభవం మీద అంచనా వేసుకోలేమా అనుకుంటాం. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఆ అంచనానే పరీక్షించింది. అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేలితో కొట్టమని కొందరికి చెప్పింది. అది ఏ పాటో పోల్చుకోవడం ఎదుటివాళ్ల పని. సగం పాటలైనా పోల్చుకుంటారని కొట్టినవాళ్ల నమ్మకం. మొత్తం 120 సార్లు కొడితే పోల్చుకున్నది మూడంటే మూడు. కొట్టేవాళ్ల తలలో పాట రాగంతో సహా మోగుతోంది, వినేవాళ్లకు వినిపించింది ఉత్త టకటక. ఇరవయ్యేళ్లుగా ఓమ్ నియమం చెబుతున్న మాస్టారి తలలో కూడా పాట మోగుతూనే ఉంటుంది.

సరే, మన అంచనా నమ్మలేనప్పుడు పిల్లల్నే అడిగేద్దాం అంటారా? అడిగితే ‘ఆయ్, అర్థమైందండి’ అంటారు. మర్యాదకు అన్న మాట కాదది, వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఆ అనిపించడానికీ నేర్చుకోవడానికీ పెద్దగా సంబంధం ఉండదు. 2013లో షానా కార్పెంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక ప్రయోగం చేసింది. మూడు రంగుల మచ్చలున్న పిల్లులు దాదాపు అన్నీ ఆడవే ఎందుకవుతాయో వివరించే చిన్న వీడియో, నిమిషం పైచిలుకు. అదే స్క్రిప్టు, చెప్పేదీ ఒకరే. ఒక వీడియోలో ఆమె నిటారుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, గడగడా చెప్పింది. రెండోదాంట్లో వంగిపోయి, కాగితం చూసుకుంటూ, తడబడుతూ చదివింది. మొదటి వీడియో చూసినవాళ్లు తమకు చాలా గుర్తుంటుందని చెప్పారు. తీరా పరీక్ష పెడితే రెండు గుంపులకూ వచ్చింది ఇంచుమించు ఒకటే. కాలవ గట్టు మీద కూర్చుని చూసినంతసేపూ ఈత తేలిగ్గానే కనిపిస్తుంది మరి.

అలాగని తడబడుతూ చెప్పండి అనడం లేదు. ధారాళంగా చెప్పే టీచరు దగ్గర పిల్లలు ఎక్కువసేపు కూర్చుంటారు, అదీ అవసరమే. కానీ కూర్చోబెట్టడం సగం పనే.

మిగతా సగం సంగతి ఆస్ట్రేలియాలో తేలింది. డెరెక్ ముల్లర్ అనే ఆయన 2008లో సిడ్నీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ ముగించాడు. తర్వాత యూట్యూబ్‌లో వెరిటాసియం అనే చానల్ పెట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది ఈయనే. భౌతికశాస్త్రం వీడియోలు చూస్తే అసలేమైనా వస్తుందా అన్నది ఆయన పరిశోధన. న్యూటన్ సూత్రాల మీద రకరకాల వీడియోలు తయారుచేశాడు. శుభ్రంగా, సూటిగా, తప్పుల ఊసే లేకుండా చెప్పినవాటిని పిల్లలు మెచ్చుకున్నారు, స్పష్టంగా ఉందన్నారు, కానీ మార్కులు దాదాపు పెరగలేదు. మరికొన్ని వీడియోలు పిల్లలకు సహజంగా ఉండే తప్పు అభిప్రాయాన్నే ముందు పైకి తెచ్చి, అది ఎందుకు తప్పో తర్కించాయి. అవి చూసినవాళ్లు తికమకగా ఉన్నాయని, బుర్ర వేడెక్కిందని అన్నారు. మార్కులు పెరిగింది మాత్రం వాళ్లకే. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పిల్లాడు ఖాళీ తలతో రాడు, తనదైన ఒక వివరణతో వస్తాడు. మన వివరణ దానితో ఢీకొనకపోతే, విన్నదంతా తనకు ముందే తెలిసినట్టు లెక్కేసుకుని పాత అభిప్రాయంతోనే లేచిపోతాడు.

మా పాలకొల్లు వైపు పదో తరగతికి జీవశాస్త్రం చెప్పే ఒక మాస్టారు ఈ సూత్రం ఎక్కడా చదవకుండానే పట్టుకున్నట్టున్నారు. ఆయన వీడియోలో మొహం కనిపించదు. తెల్లకాగితం, నీలం ఇంకు పెన్ను, ఒక చెయ్యి, అంతే. శ్వాసక్రియ పాఠం. మొదటి మాటే ప్రశ్న: ‘వనామీ చెరువులో ఏరేటర్లు పగటికంటే రాత్రి ఎందుకు ఎక్కువ తిప్పుతారు?’ వనామీ అంటే ఒక రకం రొయ్య, ఏరేటర్లు అంటే నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు. ఆ ప్రశ్న తెలియని ఇల్లు మా ప్రాంతంలో తక్కువ. సొంత చెరువు లేకపోతే లీజు చెరువు, అదీ లేకపోతే చెరువు మీద కాపలా ఉండే మేనమామ. మాస్టారు కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, ఒక కొసన సాయంత్రం 6, రెండో కొసన ఉదయం 6 అని వేస్తారు. ‘నీళ్లలో ఆక్సిజన్ ఎలా మారుతుందో మీ కాగితం మీద మీరే గీత గీయండి. గీశాకే ముందుకెళ్దాం’ అని పెన్ను కింద పెట్టేస్తారు. కాసేపు తెర మీద ఏ కదలికా ఉండదు. చానల్ పెంచుకోవడం గురించి పాఠాలు చెప్పేవాళ్లు చూస్తే గుండె బాదుకుంటారు.

తర్వాత వచ్చేవి జవాబులు కావు, తప్పులు. రాత్రి రొయ్యలు ఎక్కువ తిరుగుతాయని ఒకటి, రాత్రి గాలి ఉండదని ఒకటి. అన్నిటికంటే ప్రమాదకరమైంది సగం నిజమైనది: ‘మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ చేస్తాయి, రాత్రి ఊపిరి పీలుస్తాయి.’ ఈ వాక్యం రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, అసలు సంగతి మొదలుపెడతారు. నీటికి రంగునిచ్చే సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి ఆనని నాచు, పగలూ రాత్రీ కూడా శ్వాసిస్తూనే ఉంటాయి. పగలు ఎండలో అవి తయారుచేసే ఆక్సిజన్ వాడకం కంటే ఎక్కువ కాబట్టి నీళ్లలో మిగులుతుంది. పొద్దుగూకాక తయారీ ఆగిపోతుంది, వాడకం ఆగదు. శైవలాలు, రొయ్యలు, అడుగు బురదలోని బాక్టీరియా, అన్నీ ఉన్న నిల్వనే లాగేస్తుంటాయి. అందుకే తెల్లవారేముందు డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా అడుగంటుతుంది, రొయ్యలు పైకి తేలతాయి. పిల్లలు ఇప్పుడు తాము గీసిన గీత పక్కన అసలు గీత పెట్టి చూసుకోవాలి. చివర్లో ఇంకో ప్రశ్న వదిలేస్తారు: ‘పగలంతా మబ్బు పట్టి ఉంటే ఆ రాత్రి రైతు ఏరేటర్లు ఇంకా ముందే ఎందుకు వేస్తాడు?’ జవాబు చెప్పరు. పాఠం నిజంగా వచ్చినవాడికి అది దొరుకుతుంది.

ఆ పెన్ను కింద పెట్టడంలో ఉన్న బలం ఇంకో ప్రయోగంలో అంకెలతో సహా కనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల చేత చిన్న వ్యాసాలు చదివించారు. కొందరు అదే మళ్లీ చదివారు, కొందరు కాగితం మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే కొంచెం ముందున్నారు, 81 శాతానికి 75. వారం తర్వాత తారుమారైంది. మళ్లీ చదివినవాళ్లకు గుర్తున్నది 42 శాతం, రాసినవాళ్లకు 56. మన పిల్లలు అదే వీడియోను పరీక్ష ముందు మూడుసార్లు వేసుకుని చూడటం మొదటి రకం చదువే. పాఠం మధ్యలో ఆపి ప్రశ్న అడిగే టీచరు వాళ్లను బలవంతంగా రెండో రకంలోకి నెడతాడు.

వీడియో నిడివి గురించి అందరూ అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువడిన అధ్యయనం ప్రకారం, వీడియో ఎంత పొడవున్నా చూసేవాళ్లు మామూలుగా ఆరు నిమిషాలకు మించి నిలవరు. స్లైడ్ల కంటే చేత్తో గీస్తూ చెప్పినవాటి దగ్గరే ఎక్కువసేపు ఉన్నారు. అది కొలిచింది చూసిన సమయాన్ని, నేర్చుకున్నదాన్ని కాదు. అందుకని ఆరు నిమిషాలను శాసనంగా పట్టుకోనక్కర్లేదు. ఒక పాఠంలో ఒక్క సంగతి చెబితే నిడివి దానంతటదే తగ్గుతుంది. డబ్బు ఖర్చుపెట్టాలనుకుంటే ముందు మైకు మీద పెట్టండి. రేకుల షెడ్డు మీద వాన పడుతుంటే ఎంత మంచి కెమెరా ఉన్నా దండగే.

చిన్న ఊరి టీచరుకు పెద్ద కోచింగ్ సంస్థల దగ్గర లేని సరుకు ఒకటుంది. తన పిల్లలు ఏ తప్పు చేస్తారో, ఏ మాటల్లో చేస్తారో తెలియడం. ఆ సంస్థలు అన్ని జిల్లాలకూ ఒకే పాఠం తీస్తాయి, ఏరేటరు ప్రశ్న వాటికి తట్టదు. పోటు వచ్చినప్పుడు సముద్రపు ఉప్పునీరు ఏట్లోకి ఎక్కడిదాకా ఎగదన్నుతుందో అంతర్వేది పిల్లలకు కళ్లతో చూసిన సంగతి. సాంద్రత పాఠం అక్కడ మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టి, ఉప్పునీరు పైన ఉంటుందా కింద ఉంటుందా అని అడిగితే జవాబులు రెండు రకాలుగా వస్తాయి. ఆ రెండు రకాలే పాఠానికి పెట్టుబడి. పేరుతెలియని వెయ్యిమంది చూపుల కంటే, నోట్సు ఫొటో తీసి పంపే నలభైమంది తప్పులు టీచరును ఎక్కువ పదునుపెడతాయని నా నమ్మకం. ఫీజు కట్టి ఏడాదంతా ఉండేదీ వాళ్లే.

ఒక్క చిక్కుంది. ఇలా చెబితే మొదట్లో పిల్లలకు నచ్చకపోవచ్చు. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో సరిగ్గా ఇదే బయటపడింది. తామే లెక్కలు చేస్తూ నేర్చుకున్నవాళ్లకు పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చాయి, కానీ చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లే తాము ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. తికమకను పిల్లలు తమ చేతకానితనంగా, లేదా టీచరు చేతకానితనంగా లెక్కేసుకుంటారు. రెండో లెక్క వేసుకున్నవాడు చానల్ మార్చేస్తాడు. హార్వర్డ్‌లో దీనికి దొరికిన విరుగుడు మామూలుదే. టర్మ్ మొదట్లోనే ఈ సంగతి విప్పి చెప్పారు, చాలామంది విద్యార్థుల అభిప్రాయం మారింది. పాలకొల్లు మాస్టారు కూడా ప్రతి జూన్‌లో తొలి వీడియోను పాఠంతో మొదలుపెట్టరు. ‘నా దగ్గర మీ గీతలు తప్పుతాయి. తప్పిన గీత చెరిపెయ్యకండి, దాని పక్కనే రెండోది గీయండి. నాకు రెండూ పంపండి’ అంటారు.