రావుగారు గీసిన గీత

"ఎన్నికల ముందు ఒక సర్వేవాళ్లు 2,500 మందిని అడిగారట. మా లెక్క పావు శాతం కూడా అటూ ఇటూ పోదంటున్నారు. నమ్మొచ్చా మాస్టారూ?" అని సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు అడిగారు.

వద్దు. చేతిలో ఆ 2,500 జవాబులు తప్ప ఇంకేమీ లేకపోతే, ఎంత తలకాయ ఉన్నవాడికైనా అది కుదరని పని. ఇంతకు మించి ఎవడూ పోలేడని గీత గీసి చూపించింది మన వాల్తేరులో ఎమ్మెస్సీ లెక్కలు చదివిన మనిషే.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో కన్నడదేశంలోని హడగళిలో, తెలుగువారింట పుట్టారు. ఎనిమిదో సంతానం కనక కృష్ణుడి పేరు. తెల్లవారుజామున నాలుగింటికి వాళ్లమ్మ లేపి, చదువుకోమని నూనెదీపం వెలిగించి పెట్టేదట. ఆంధ్రా యూనివర్సిటీ చదువయ్యాక సైన్యంలో గణితజ్ఞుడి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే, చిన్నవాడివని పంపేశారు. అలా 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. పదవులూ పద్మాలూ ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేద్దాం. నాకు కావలసింది ఒక్క రాత్రి.

1944. కలకత్తాలో రావుగారు పాఠం చెబుతున్నారు. శాంపిల్ చాలా పెద్దదైతే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో ఇంగ్లండు గణాంకవేత్త ఫిషర్ చెప్పిన ఫలితం అది. దండేకర్ అనే విద్యార్థి లేచి, "శాంపిల్ చిన్నదైతే?" అన్నాడు. రావుగారు ఇంటికెళ్లి, ఆ రాత్రే రుజువు రాసుకుని, మర్నాడు క్లాసులో చెప్పారు. (నేనూ ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది పరీక్షకి వస్తుందా సార్?")

ఆ రుజువులో ఏముందంటే, కొండ ఉంది. ఒక పార్టీకి ఓటేసేవాళ్ల అసలు వాటా p అనుకోండి. p ఇంత అయితే ఈ జవాబులు రావడానికి అవకాశం ఎంత? ప్రతి p కీ అది లెక్కగట్టి, లాగరిథమ్ తీసి గీస్తే కొండ ఆకారం వస్తుంది. శిఖరం దగ్గరి p మన అంచనా. ఇప్పుడు మంచు కమ్మిన కైలాసగిరి మీద ఉన్నామనుకోండి. పైన నేల చదును; వంద అడుగులు పక్కకి నిలబడ్డా ఎత్తులో తేడా తెలీదు. అదే సూదిమొన లాంటి కొండయితే రెండడుగులు తప్పినా కాలు జారి తెలిసిపోతుంది. శిఖరం దగ్గర కొండ ఎంత గట్టిగా వంగిందో, ఆ వంపు సగటే ఫిషర్ 'ఇన్ఫర్మేషన్'. ఒక్కో ఓటరు 1/[p(1–p)] చొప్పున వంపు చేరుస్తాడు. మొత్తం వంపుని తిరగేస్తే (ఒకటిని దానితో భాగిస్తే) వచ్చేదే, అంచనా ఎంత చెదురుతుందో చెప్పే కొలత అయిన వేరియన్స్‌కి అడుగు గీత.

p సగం అయితే తలకి 4. 2,500 మందికి 10,000. తిరగేసి వర్గమూలం తీస్తే, అంచనా మామూలుగా అటూ ఇటూ తప్పే దూరం ఒక శాతం. అంతే! పావు శాతం కావాలంటే నాలుగు రెట్లు కాదు, పదహారు రెట్లు మంది కావాలి: 40,000. p పదో వంతే అయితే కొండ కాస్త మొనదేలి, అదే 2,500 మందితో 0.6 శాతానికి దిగొచ్చు.

మరి బీచ్ రోడ్డు చిలక జోస్యం సంగతి? చిలక ఎవరికైనా "యాభై శాతం" అనే చీటీనే తీస్తుందనుకోండి. వేరియన్స్ సున్నా! రావుగారి గీత చెరిగిపోయిందా? లేదు. ఆ గీత సగటున ఎటూ మొగ్గని అంచనాలది. మొగ్గు b (సగటు అంచనాకీ అసలు p కీ తేడా) ఉన్నవాటికి ఆ భిన్నంలో పైన (1+b′)² చేరుతుంది; b′ అంటే p మారితే b ఎంత మారుతుందో ఆ వాలు. చిలక మొగ్గు 0.5–p, దాని వాలు –1. ఒకటితో కలిపితే సున్నా. చిలక కూడా సూత్రం లోపలే ఉంది పాపం.

ఈ రుజువున్న వ్యాసం 1945లో అచ్చయ్యేనాటికి ఆయనకి పాతికేళ్లు. మరుసటేడు స్వీడన్‌లో క్రామర్ కూడా తన దారిన ఇక్కడికే వచ్చాడు. అందుకే క్రామర్–రావు గీత అంటారు. ఆ వ్యాసానికి 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం ఇచ్చారు. అప్పటికి ఆయనకి 102. ఆ ఆగస్టులోనే పోయారు.

సీతమ్మధార మిత్రమా, ఆ సర్వేవాళ్లు మళ్లీ కనిపిస్తే ఒక్క మాట అడగండి: మిగతా 37,500 మంది ఏరీ అని.