రాళ్ళు చెప్పే అరేబియా: ఇస్లాంకు ముందటి కాలంపై అపోహలు, వాస్తవాలు

ఇస్లాంకు పూర్వపు అరేబియా గురించి తెలుగులో దొరికే రాతలు దాదాపు ఒకే తీరుగా మొదలవుతాయి. మండే ఎడారి, గుడారాలు, చదువురాని తెగలు, అడుగడుగునా విగ్రహాలు. ఈ చిత్రం చాలావరకు క్రీ.శ. 8, 9 శతాబ్దాల్లో పాత సంగతులు పోగుచేసిన పండితుల గ్రంథాల నుంచి వచ్చింది. అవి ఎంతో విలువైనవి. కానీ ఆ కాలం మనుషులు స్వయంగా చెక్కిన శాసనాలు వేల సంఖ్యలో ఉండగా, వాటిని పక్కనపెట్టి గ్రంథాలతోనే సరిపెట్టుకోవడం చరిత్రకు అన్యాయం.

అపోహ: అరేబియా అంటే ఇసుకే. పంటలు, రాజ్యాలు ఉండేవి కావు.

నైరుతి మూలన ఉన్న యెమెన్‌లో సబా, మయీన్, ఖతబాన్, హద్రమౌత్ రాజ్యాలు వర్ధిల్లాయి. తర్వాత హిమ్యర్ రాజ్యం ఆ ప్రాంతమంతటినీ మింగేసింది. సబా రాజధాని మారిబ్ దగ్గర కట్ట సుమారు 600 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. దాన్ని జలాశయం అని రాసేస్తుంటారు, అది తప్పు. మన రైతుల మాటల్లో చెప్పాలంటే అది చెరువు కట్ట కాదు, ఆనకట్ట. కొండల మీద వానలు పడితే వాగు ఒక్కసారిగా పొంగుతుంది. ఆ వరదను అడ్డగించి, మట్టం పెంచి, ఉత్తర దక్షిణ కొసల్లోని రాతి తూముల గుండా కాలువల్లోకి మళ్ళించేవారు. దాదాపు 9,600 హెక్టార్లు అలా తడిసేవి.

చిక్కంతా ఒండ్రుతోనే. ప్రతి వరదా పొలాల్లో ఓ పొర మట్టి వదిలి వెళ్తుంది. శతాబ్దాల తరబడి పొలాల మట్టం మీటర్ల కొద్దీ పెరుగుతూ పోయింది. పొలం లేస్తే కాలువ లేవాలి, కాలువ లేస్తే కట్ట లేవాలి. కట్ట ఎత్తయ్యే కొద్దీ దాని మీద ఒత్తిడీ పెరుగుతుంది. గండ్లు పడడం, పూడ్చడం మామూలైపోయింది. క్రీ.శ. 548 ప్రాంతంలో అబ్రహా రాజు చేయించిన పెద్ద మరమ్మతు శాసనంగా మిగిలింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకే కట్ట శాశ్వతంగా పోయింది. ఒక్క రాత్రిలో ఒక నాగరికత కొట్టుకుపోయిందన్న కథ కన్నా ఈ నిదానమైన భారమే అసలు కారణం.

అపోహ: వాళ్ళకు రాయడం రాదు. అంతా నోటి మాటే.

మిగతా అపోహలన్నింటి కన్నా ఇదే సత్యానికి ఎక్కువ దూరం. సిరియా, జోర్డాన్‌ల నల్లరాతి ఎడారిలో గొర్రెలు, ఒంటెలు మేపుకునే సంచారులు చెక్కినవే పదివేలకు పైగా శాసనాలున్నాయి. వాటి లిపిని సఫాయిటిక్ అంటారు. 'నేను ఫలానా వాడి కొడుకుని, ఫలానా వాడి మనవణ్ణి' అని మొదలై, కొన్నిసార్లు పది తరాల దాకా వెళ్తుంది. ఆ తర్వాత ఎక్కడ మేపాడో, ఎవరి కోసం దుఃఖించాడో. చివర లాత్ దేవతకు 'ఓ లాత్, క్షేమం ప్రసాదించు' అన్న ప్రార్థన, ఈ రాతను చెరిపినవాడికి శాపం.

చదవడం మాత్రం తేలిక కాదు. ఉన్నవి 28 హల్లులే, అచ్చులు ఉండవు. పదాల మధ్య ఖాళీ ఉండదు. వరుస కుడి నుంచి ఎడమకు వెళ్ళవచ్చు, ఎడమ నుంచి కుడికి వెళ్ళవచ్చు, రాయి వంపు తిరిగితే దాంతో పాటే తిరగవచ్చు. ముందు పేర్ల మధ్య వచ్చే 'కొడుకు' అన్న రెండక్షరాలు వెతికి పట్టుకుంటే దిశ తెలుస్తుంది. అది తప్పితే పేరు కాస్తా క్రియ అయిపోతుంది.

యెమెన్‌లో రాళ్ళ మీద అచ్చు గుద్దినట్లుండే ముస్నద్ లిపి, రోజువారీ పనులకు జబూర్ అనే గొలుసుకట్టు రాత. ఖర్జూరపు మట్టలను చిన్న ముక్కలుగా కోసి, మొనదేలిన గంటంతో వాటి మీద గీసేవారు. ఉత్తరాలు, అప్పు పత్రాలు, అక్షరాలు దిద్దుకున్న పుల్లలు కూడా దొరికాయి. ఇప్పటి అరబిక్ లిపి వీటి నుంచి వచ్చింది కాదు, నబతీయుల (ఉత్తరాన పెట్రా రాజధానిగా ఏలిన అరబ్బుల) లిపి నుంచి. సిరియాలోని నమారాలో క్రీ.శ. 328 నాటి ఇమ్రుల్ ఖైస్ అనే అరబ్బు రాజు సమాధి శాసనం ఆ దారిలో మైలురాయి: అందులో భాష అరబిక్, లిపి నబతీయం.

అపోహ: 7వ శతాబ్దం దాకా అందరూ విగ్రహారాధకులే.

మక్కా, మదీనాలున్న పశ్చిమ ప్రాంతం హిజాజ్ వరకు ఈ మాటలో కొంత నిజముంది. తాయిఫ్‌లో లాత్, నఖ్లాలో ఉజ్జా, ఖుదైద్‌లో మనాత్ అనే దేవతలు పూజలందుకున్నారు. అక్కడ కూడా దైవమంటే చాలాసార్లు మనిషి రూపమున్న బొమ్మ కాదు, నిలబెట్టిన రాయి. యెమెన్ కథ వేరు. క్రీ.శ. 380 ప్రాంతంలో హిమ్యర్ రాజులు యూదు ప్రభావంతో ఏకేశ్వర మార్గం పట్టారు. అక్కడి నుంచి శాసనాల్లో అల్మఖహ్ లాంటి పాత దేవతలు మాయమై, 'రహ్మానాన్' అన్న దేవుడి పేరే వినిపిస్తుంది. కరుణామయుడని అర్థం.

యెమెన్‌కు ఉత్తరాన ఉన్న నజ్రాన్ పట్టణం దగ్గరి బిర్ హిమా రాళ్ళ మీద హిమ్యర్ రాజు యూసుఫ్ సేనాని వేయించిన శాసనాలున్నాయి. కాలం హిమ్యరీ సంవత్సరం 633. వాళ్ళ ఏడాది వసంతంలో మొదలవుతుంది కాబట్టి 110 తీసేస్తే మన సంవత్సరం వస్తుంది (జనవరి నుంచి మార్చి మధ్య నెలైతే 109). అంటే క్రీ.శ. 523, యూదు రాజైన యూసుఫ్ నజ్రాన్ క్రైస్తవుల మీద విరుచుకుపడిన ఏడాది. రెండేళ్ళకు ఇథియోపియాలోని అక్సుం సైన్యం సముద్రం దాటి వచ్చింది. ఆ తర్వాత గద్దెనెక్కిన అబ్రహా క్రైస్తవుడు. పైన చెప్పిన కట్ట శాసనాన్ని అతడు రహ్మానాన్, ఆయన మెస్సయ్య, పరిశుద్ధాత్మల పేర మొదలుపెట్టాడు. యూదు రాజు, అతణ్ణి కూలదోసిన వర్గపు క్రైస్తవ రాజు ఇద్దరూ కొలిచింది ఒకే పేరును! యస్రిబ్‌లో (నేటి మదీనా) యూదు తెగలు, హీరాలో (నేటి ఇరాక్‌లో ఉంది) క్రైస్తవులు సరేసరి.

అపోహ: మక్కా సుగంధ ద్రవ్యాల ప్రపంచ కూడలి.

సుగంధ వ్యాపారం నిజం, దాని స్వర్ణయుగం మాత్రం మక్కాను ఏలిన ఖురైషీ తెగ కన్నా శతాబ్దాల ముందుది. పరంగి సాంబ్రాణి (వాళ్ళ లుబాన్) చెట్టు మన కొండల్లోని అందుగు చెట్టుకు బంధువే. బెరడును చిన్నగా చెక్కితే పాలు కారి, రెండు వారాల్లో గట్టిపడతాయి. మొదటి గాటుది నాసిరకం, మళ్ళీ చెక్కగా వచ్చేదే మేలిరకం. గాట్లు ఎక్కువైతే చెట్టు నీరసిస్తుంది. రోమన్ రచయిత ప్లినీ లెక్కలో, హద్రమౌత్ రాజధాని షబ్వాలో దేవుడి వాటా పదో వంతు, అదీ తూకంతో కాదు, కొలతతో. ఖతబాన్ రాజధాని తిమ్నా నుంచి గాజా దాకా 65 మజిలీలు. నీళ్ళకు, మేతకు, బసకు, సుంకాలకు ఒంటెకు 688 దినారీల (రోమన్ వెండి నాణేల) ఖర్చు.

ఓడలు ఋతుపవనాలను పట్టుకున్నాక ఈ దారి బరువు తగ్గింది. ఒమన్ తీరంలోని సుమ్హురం రేవులో తమిళ బ్రాహ్మీ రాసిన కుండపెంకు దొరికింది. సొకోత్రా దీవిలోని హోఖ్ గుహ గోడల మీద భారతీయ నావికుల పేర్లు బ్రాహ్మీలో ఉన్నాయి. 6వ శతాబ్దపు మక్కా వ్యాపారానికి అరబ్బీ మూలాలే చెప్పే సరుకు తోలు, బట్టలు, నెయ్యి, తాయిఫ్ ఎండుద్రాక్ష. నిరాడంబరమైన సరుకే, కానీ నమ్మకమైన గిరాకీ. నిషిద్ధ మాసాల్లో పోరు ఆగడం, ఉకాజ్ లాంటి సంతలు ఆ సమయంలోనే సాగడం ఈ వ్యాపారానికి వెన్నెముక.

అపోహ: స్త్రీకి ఆస్తి లేదు, పుట్టగానే పాతిపెట్టేవారు.

నబతీయుల నగరం హెగ్రాలో (నేటి మదాయిన్ సాలిహ్) కంకం అనే స్త్రీ, కూతురు కులైబాతో కలిసి తమకూ తమ సంతతికీ సమాధి మందిరం తొలిపించుకుంది. దాన్ని అమ్మినా కొన్నా దూషరా, లాత్, మనాత్ దేవతల శాపం తగులుతుందని, పూజారికి వెయ్యి సెలా నాణేల జరిమానా కట్టాలని చెక్కించింది. కాలం క్రీ.శ. 1 ప్రాంతం. ప్రవక్త ముహమ్మద్ భార్య ఖదీజా వ్యాపారం అందరికీ తెలిసిందే.

శిశుహత్య కట్టుకథ కాదు, ఖురాన్ దాన్ని ఖండించింది. అయితే యెమెన్‌లోని మతిరా ఊరివాళ్ళు ఇస్లాంకు చాలా ముందే కూతుర్ని చంపడాన్ని నిషేధిస్తూ శాసనం వేయించారు. నిషేధించాల్సి వచ్చిందంటే అక్కడ ఆ పని జరుగుతూ ఉండి ఉండాలి. దాన్ని సహించకూడదని ఊరంతా కలిసి తీర్మానించిందన్నదీ అదే రాతి మీద ఉంది.