ఆపదకు ఒకే నంబరు: ఎక్కడ మొదలైంది, ఎక్కడ చిక్కుకుంది

పిల్లల స్కూలు డైరీ చివరి పేజీలోనో, అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీదో అత్యవసర నంబర్ల పట్టిక ఒకటి కనిపిస్తుంది. పోలీసుకు 100, ఫైరింజనుకు 101, అంబులెన్సుకు 108, గర్భిణులకూ బాలింతలకూ 102, పిల్లలకు 1098, మహిళలకు 181, జాతీయ రహదారి మీద ప్రమాదమైతే 1033, సైబర్ మోసానికి 1930, వృద్ధులకు 14567. ఆఖర్న, అదీ కొన్నిచోట్ల మాత్రమే, 112. ఈ ఒక్కటి గుర్తుంటే చాలు, మిగతావి మరిచిపోయినా ఫర్వాలేదన్నది దాన్ని తెచ్చినవాళ్ల ఉద్దేశం. పట్టిక మాత్రం పెరుగుతూనే వచ్చింది. ఎందుకిలా అయిందో తెలియాలంటే దాదాపు తొంభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1935 నవంబరు 10న లండన్‌లోని వింపోల్ స్ట్రీట్‌లో ఒక డాక్టరుగారి ఇల్లు అంటుకుంది. అది చూసిన ఇరుగుపొరుగాయన ఒకరు ఫైర్ బ్రిగేడ్ కోసం ఫోన్ ఎత్తారు. అప్పట్లో ఆపద కాల్ అయినా, మామూలు కాల్ అయినా 0 తిప్పి ఆపరేటరు ఎత్తేదాకా ఆగాల్సిందే. ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఆపరేటరుకు ఏ కాల్ ఎలాంటిదో ముందుగా తెలిసే దారి లేదు. ఆయన కాల్ వరసలోనే ఉండిపోయింది. ఆ మంటల్లో ఐదుగురు ఆడవాళ్లు చనిపోయారు. ఆయన ఊరుకోలేదు. తన కాల్‌ను ఎవరూ పట్టించుకోలేదంటూ టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశారు. దాని మీద ప్రభుత్వం విచారణ వేసింది. ఆ విచారణ నుంచి పుట్టిందే బ్రిటన్ అత్యవసర నంబరు 999.

అన్ని అంకెలుండగా తొమ్మిదే ఎందుకు? 111 పెడదామంటే, గాలికి టెలిఫోన్ తీగలు ఒకదానికొకటి తగిలినా ఎక్స్ఛేంజి దాన్ని ఒకటి అంకెగా లెక్కపెట్టేది. ఎవరూ చేయకుండానే కాల్స్ వచ్చిపడతాయి. 0 అప్పటికే ఆపరేటరుది. పబ్లిక్ ఫోన్ డబ్బాల్లో నాణెం వేయకుండా 0 తిరిగే ఏర్పాటు ముందే ఉంది, కొద్ది మార్పుతో దాన్నే 9కి కూడా వర్తింపజేయవచ్చు. ఇంకో సదుపాయం కూడా ఉంది. పాత గుండ్రటి డయల్‌లో వేలు ఆగే కొక్కెం పక్కన మొదటి రంధ్రం సున్నా, దాని పక్కదే తొమ్మిది. పొగలోనైనా, చీకట్లోనైనా కొక్కెం తడుముకుంటే తొమ్మిది దొరుకుతుంది. కళ్లు కనపడని క్షణంలో వేలు ఎక్కడికి పోతుందన్నది వాళ్లు ఆలోచించారంటే మెచ్చుకోవాల్సిందే.

1937 జూన్ 30న ఆక్స్‌ఫర్డ్ సర్కస్ చుట్టూ 12 మైళ్ల పరిధిలో 999 మొదలైంది. ఆ కాల్ వస్తే ఎక్స్ఛేంజిలో ఎర్ర దీపం వెలిగేది, హారన్ మోగేది. ఆ మోత భరించలేక హారన్ నోట్లో టెన్నిస్ బంతి కుక్కారని చెబుతారు. ఇదంతా బాగానే ఉంది కానీ, ఈ సదుపాయం బ్రిటన్ మొత్తానికీ అందేసరికి 1976 వచ్చింది. ఊరూరా ఎక్స్ఛేంజిలు మారితే తప్ప మూడంకెల నంబరు పనిచేయదు మరి. నంబరు ప్రకటించడానికీ, అది నిజంగా అందడానికీ మధ్య ఎంత దూరముంటుందో మొదటి నంబరే చూపించింది. తర్వాత వచ్చినవాటన్నిటిదీ ఇదే కథ.

అమెరికాలో 911 వచ్చింది 1968లో. అంతకు ముందు ఏడాది ఒక ప్రెసిడెంట్ కమిషన్ పోలీసులకు ఒకే నంబరు ఉండాలని సిఫారసు చేసింది. 1968 జనవరిలో పెద్ద ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ ఆ నంబరు 911 అని ప్రకటించింది. ఈ మాట విన్న అలబామాలోని ఒక చిన్న ఫోన్ కంపెనీ, పెద్దవాళ్లకంటే ముందు మనమే మొదలుపెడదామని హడావుడి పడి, ఫిబ్రవరి 16న హేలీవిల్ అనే చిన్న ఊళ్లో కాల్ మోగించింది. చేసింది ఆ రాష్ట్ర అసెంబ్లీ స్పీకరు, పోలీసు స్టేషన్లో ఎర్ర ఫోన్ ఎత్తింది ఒక కాంగ్రెస్ సభ్యుడు. ఆపదా లేదు, ఏమీ లేదు. రిబ్బను కటింగ్ లాంటి తంతు.

నాకైతే 911 కంటే దానికి కాస్త ముందు పిట్స్‌బర్గ్‌లో జరిగిందే ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే ఫోన్ ఎత్తడం ఒక ఎత్తు, ఎత్తాక ఎవరొస్తారన్నది ఇంకో ఎత్తు. అప్పటి అమెరికాలో ఒళ్లు బాగాలేని మనిషిని ఆసుపత్రికి చేర్చేది చాలా ఊళ్లలో శవాలను మోసే బండే. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లే వీలున్న వాహనం అదొక్కటే కాబట్టి. పిట్స్‌బర్గ్‌లో పోలీసు వ్యాన్లు వచ్చేవి. వెనక ఎవరూ ఉండేవారు కాదు, ఉన్నా వాళ్లకు వైద్యం తెలియదు. 1967లో అక్కడ ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్ మొదలైంది. హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేటలోని నిరుద్యోగులను చేర్చుకుని, పీటర్ సాఫర్ అనే డాక్టరు రూపొందించిన శిక్షణ ఇచ్చారు. రోగి దగ్గరికి వెళ్లి, అక్కడికక్కడే ఊపిరి అందించి, దారిలో చూసుకుంటూ తీసుకొచ్చే పని అది. ఇప్పుడు పారామెడిక్ అని పిలిచేవాళ్లకు తొలి నమూనాల్లో వీళ్లొకరు. 1975లో నగరపాలక సంస్థ సొంత అంబులెన్సు సర్వీసు పెట్టుకోవడంతో ఆ సర్వీసు మూతపడింది.

మన దేశంలో ఈ రెండో సగం, అంటే ఎవరొస్తారన్న సగం, 2005లో హైదరాబాదులో గట్టిగా మొదలైంది. అంతకు ముందు అంబులెన్సు అంటే ఏదో ఒక ఆసుపత్రి వ్యాను. ఆ ఆసుపత్రి నంబరు తెలియాలి, వ్యాను ఖాళీగా ఉండాలి, డ్రైవరు దొరకాలి, డబ్బు మాట్లాడుకోవాలి. చాలామంది ఆటోలో వేసుకుని వెళ్లిపోయేవారు. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్ఐ సంస్థ 2005 ఆగస్టు 15న 108 సేవలు మొదలుపెట్టింది. తర్వాత అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖర్చు భరించి రాష్ట్రమంతా విస్తరించింది. 2007లో గుజరాత్ ఈ పద్ధతి తీసుకుంది, ఆపైన మరెన్నో రాష్ట్రాలు. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ సంస్థ నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. బళ్లు మాత్రం ఆగలేదు. జనం ఆ బండినే '108' అనడం అప్పటికే మొదలైపోయింది.

108 లోపల ఏర్పాటు చూస్తే అది ఎందుకు నిలబడిందో అర్థమవుతుంది. కాల్ ఎత్తేవాళ్లు వేరు, దగ్గర్లో ఉన్న బండిని పంపేవాళ్లు వేరు. బండిలో డ్రైవరుతో పాటు ఈఎంటీ, అంటే అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన మనిషి ఒకరుంటారు. డ్రైవరును అక్కడ పైలట్ అంటారు. దారిలో రోగి పరిస్థితి మారితే ఈఎంటీ కంట్రోల్ రూములో ఉన్న డాక్టరుతో ఫోన్లో మాట్లాడి మందు ఇస్తారు. పైసా అడగరు. ఫ్రీడమ్ హౌస్ వాళ్లు చేసింది దాదాపు ఇదే.

దీనికి ముందే వచ్చిన మరో నంబరు కథ వేరు. టాటా సామాజిక విజ్ఞాన సంస్థలో పనిచేసిన జెరూ బిలిమోరియా ముంబైలో వీధి పిల్లలతో పనిచేసేవారు. వాళ్లకు తన ఫోన్ నంబరు ఇస్తే, ఏ రాత్రి వేళో ఎవరికో జ్వరమనో, ఎవరో కొట్టారనో కాల్స్ వచ్చేవి. 1996లో అదే చైల్డ్‌లైన్ 1098 అయింది. అది ఫైరింజనులాంటి సేవ కాదు. అవతల ఎత్తినవాళ్లు పిల్లాడితో ఓపిగ్గా మాట్లాడాలి, నమ్మకం కుదిరాకే అసలు విషయం బయటికొస్తుంది. ఎవరు ఎత్తినా ఒకటే అనుకునే చోట ఇది కుదరదు. నంబర్లు ఎందుకు పెరిగాయన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. ఒక్కో శాఖ, ఒక్కో సంస్థ తన పని తనకు తెలుసు కాబట్టి తన నంబరు తాను పెట్టుకుంది. మిగతా సగం జవాబు అంత గొప్పది కాదు. కొత్త పథకం ప్రకటిస్తే కొత్త నంబరు కూడా ప్రకటించడం మన శాఖలకు అలవాటు. 102నే తీసుకోండి. ఒకప్పుడు అది మామూలు అంబులెన్సు నంబరు. 108 వచ్చాక గర్భిణులనూ బాలింతలనూ చేరవేసే బళ్లకు మళ్లించారు. తెలంగాణలో అమ్మ ఒడి, ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అలా వచ్చినవే. పాత పట్టికలో 102 చూసి గుండెనొప్పికి దానికి ఫోన్ చేసే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు.

ఒకే నంబరు కావాలన్న మాట యూరప్‌లో 1972లోనే వచ్చింది. 112 వాడండని టెలికం సంస్థల సమాఖ్య సిఫారసు చేసింది. యూరప్ దేశాల మండలి 1991లో నిర్ణయం తీసుకుంది. మొబైల్ ఫోన్లకు జీఎస్ఎం ప్రమాణం వచ్చినప్పుడు 112ను అందులోనే పెట్టారు. అందుకే స్క్రీన్ లాక్‌లో ఉన్నా ఎమర్జెన్సీ కాల్ వెళుతుంది. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవరు ఉంటే దాని మీద వెళ్లగలదు. "అసలు నెట్‌వర్కే లేకపోయినా 112 పనిచేస్తుంది" అని వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డు మాత్రం తప్పు. ఏ టవరూ లేని చోట ఏ నంబరూ పనిచేయదు. సిమ్ లేకుండా చేసే కాల్స్‌ను బ్రిటన్, జర్మనీ ఒప్పుకోవు, ఆకతాయి కాల్స్ బెడద వల్ల.

మన దేశాన్ని 112 వైపు నెట్టింది 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం. ఆ తర్వాత ఏడాది నిర్భయ నిధి వచ్చింది. 2015లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒకే నంబరుగా 112ను సిఫారసు చేసింది. 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో తొలిసారి మొదలై, 2019 ఫిబ్రవరిలో రెండు తెలుగు రాష్ట్రాలతో సహా మరో 16 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు వచ్చింది. ఫోన్లలో ప్యానిక్ బటన్ ఉండి తీరాలన్న టెలికం శాఖ నిబంధన కూడా ఆ దారిలోదే. 2017 జనవరి నుంచి అమ్మే ఫోన్లకు అది వర్తిస్తుంది. బటన్ల ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి, స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్ మూడుసార్లు గబగబా నొక్కాలి అన్నది అందులోని మాట. మోడల్‌ను బట్టి తేడాలున్నాయి కాబట్టి ఇంట్లో అందరి ఫోన్ల సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకోవడం మేలు. 2023లో 1098 నిర్వహణను కూడా కేంద్రం తీసుకుని 112తో కలిపింది. చైల్డ్‌లైన్‌లో ఏళ్లతరబడి పనిచేసిన స్వచ్ఛంద సంస్థలకు అది మింగుడుపడలేదు. పిల్లల కాల్‌కు కావలసిన ఓపిక ప్రభుత్వ కంట్రోల్ రూములో దొరుకుతుందా అన్న వాళ్ల అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు.

తేలిగ్గా నొక్కే బటన్‌తో చిక్కు కూడా తేలిగ్గానే వచ్చింది. 2023లో ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్లే ఏర్పాటు అప్‌డేట్‌లో వచ్చాక, జేబుల్లోంచి వెళ్లిన కాల్స్‌తో బ్రిటన్ పోలీసులకు ఊపిరాడలేదు. పొరపాటున కాల్ వెళితే భయపడి కట్ చేయకూడదు. ఉండి, పొరపాటని చెప్పాలి. కట్ చేస్తే వాళ్లు తిరిగి చేస్తూ కూర్చోవాలి. మాట్లాడలేని పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసం అదే బ్రిటన్‌లో ఒక దారి ఉంది. మొబైల్ నుంచి 999 చేసి, గొంతెత్తలేకపోతే 55 నొక్కాలి. కొట్టే మనిషి పక్కగదిలో ఉన్నప్పుడు పనికొచ్చేది అది.

ఫోన్ చేయడానికి జనం వెనకాడటానికి మన దగ్గర ఇంకో కారణం ఉంది. రోడ్డు మీద పడ్డవాణ్ని ముట్టుకుంటే పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలన్న టెన్షన్. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 మార్చిలో ఆ భయం పోగొట్టే మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేరింది. సాయం చేసినవాళ్లు పేరు చెప్పకపోయినా బలవంతం చేయకూడదు. ఈ మాట ఆ నంబర్ల పట్టిక పక్కన ఎక్కడా రాసి ఉండదు.

ఇన్ని నంబర్లు వచ్చినా తీరనిది ఒకటుంది: కాల్ చేసిన మనిషి ఎక్కడున్నాడో తెలియడం. ల్యాండ్‌లైన్ రోజుల్లో ఫోన్‌కు చిరునామా ఉండేది. మొబైల్ వచ్చాక అది పోయింది. టవరు చెప్పేది సుమారు ప్రాంతమే, ఇల్లు కాదు. ఎమర్జెన్సీ కాల్ సమయంలో ఫోనే జీపీఎస్, వైఫై ఆధారంగా తన స్థానాన్ని పంపే పద్ధతి 2014లో బ్రిటన్‌లో మొదలైంది, తర్వాత గూగుల్, యాపిల్ ఫోన్లలోకి వచ్చింది. 2022 మార్చి నుంచి యూరప్‌లో అమ్మే స్మార్ట్‌ఫోన్లకు అది తప్పనిసరి. మన దగ్గర చిరునామా అంటే ఇప్పటికీ రామాలయం వెనక సందు, నీళ్ల ట్యాంకు ఎదురుగా మూడో ఇల్లు. హైదరాబాదులో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఉండేవాళ్లు ఫ్లైఓవరు పిల్లరు నంబరు చెబుతారు, నిజానికి ఇంటి నంబరు కంటే అదే త్వరగా దొరుకుతుంది. హైవే మీదైతే కిలోమీటరు రాయి. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి 2025లో డిజిపిన్ తెచ్చింది. దేశమంతటినీ సుమారు నాలుగు మీటర్ల గడులుగా కోసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చింది. మంటల ముందు నిలబడి పది అక్షరాలు ఎవరూ చదవరు. దాన్ని ఫోనే 112కు పంపేలా చేస్తే తప్ప కంట్రోల్ రూములో అడిగే మొదటి ప్రశ్న మారదు: ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు, దగ్గర్లో గుర్తు ఏముంది?