మరమరాలు, మార్ష్‌మెలో, మధ్యలో నీరు

గోదావరి గట్టున ముంతమసాలా బండి దగ్గర కాసేపు నిలబడితే ఒక పద్ధతి కనిపిస్తుంది. ఉల్లిపాయ ముక్కలు, కారం, వేరుశనగ గుళ్లు అన్నీ కలిపేశాక, నిమ్మచెక్కను మాత్రం చిట్టచివర పిండుతారు. పిండగానే పొట్లం చేతికిస్తారు. అక్కడే తినేవారికి కరకరలు దక్కుతాయి, ఇంటికి పట్టుకెళ్లినవారికి నమిలితే సాగే ముద్ద మిగులుతుంది. నిమ్మకూ మరమరాలకూ పొత్తు కుదిరేది రెండు మూడు నిమిషాలే. ఆ పొత్తును రెండు మూడు రోజులు నిలబెట్టాలంటే ఏం చేయాలి? ఓవెన్ అవసరం లేకుండా, మార్ష్‌మెలో అనే నురుగు మిఠాయిని కరిగించి, పుల్లని పళ్ల వాసనతో చేసుకునే బార్ల విషయంలో తేల్చుకోవలసిన ప్రశ్న ఇదొక్కటే.

ఈ బార్ల పుట్టిల్లు అమెరికా. 1939లో కెలాగ్స్ సంస్థ వంటశాలలో పనిచేసే మిల్డ్రెడ్ డే, మలీటా జెన్సెన్ అనే ఇద్దరు మహిళలు, క్యాంప్ ఫైర్ గర్ల్స్ అనే బాలికల సంఘం నిధుల సేకరణ కోసం వీటిని రూపొందించారు. వెన్నలో మార్ష్‌మెలోలు కరిగించడం, ఉబ్బిన బియ్యపు గింజలు కలపడం, పళ్లెంలో పరిచి ముక్కలు కోయడం, అంతే. బెల్లం పాకంలో మరమరాలు పోసి ఉండలు చుట్టిన చేతులకు ఇందులో వింత ఏమీ కనిపించదు. నిజానికి తేడా అంతా పాకంలోనే ఉంది.

ముందు మరమరాల సంగతి చూద్దాం. మామూలు పచ్చి బియ్యాన్ని వేడి ఇసుకలో వేస్తే మాడుతుంది గాని పొంగదు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి, దంచితే వచ్చే ఉప్పుడు బియ్యమే కావాలి. ఉడికినప్పుడు గింజలోని పిండి పదార్థం కరడుగట్టిన అమరికను వదులుకుని ఒకే ముద్దగా అతుక్కుంటుంది. దానికి ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టి, బాగా కాగిన ఇసుకలో పడేస్తే గింజ లోపల మిగిలిన కాస్త తేమ ఒక్కసారిగా ఆవిరై బయటికి తోసుకొస్తుంది. వేడికి మెత్తబడిన పిండి పదార్థం ఆ ఆవిరికి సాగి, ఎన్నో రెట్లు ఉబ్బి, ఆవిరి పోగానే ఆ ఆకారంలోనే బిగుసుకుపోతుంది. ఇలా బిగుసుకున్న స్థితిని శాస్త్రవేత్తలు గాజు స్థితి అంటారు. అణువులు కదలలేవు. అందుకే కొరికితే వంగదు, పగులుతుంది. ఆ పగులు శబ్దమే మనకు ఇష్టమైన కరకర. ఇందులోకి కాస్త నీరు చేరితే, నీటి అణువులు పిండి అణువుల మధ్య దూరి వాటిని జరగనిస్తాయి. గోడలు విరగడం మానేసి వంగడం మొదలుపెడతాయి. మెత్తబడిన మరమరాలు నిజానికి పాడైపోయినవి కావు. మూకుడులో నాలుగు నిమిషాలు వేడి చేస్తే నీరు పోయి మళ్లీ గాజు స్థితికి వస్తాయి. ఈ సంగతి మన అమ్మమ్మలకు పేరు తెలియకుండానే తెలుసు.

ఇక పాకం. పాకం ముదరడం అంటే నీరు తగ్గడమే. ఎంత నీరు మిగిలిందన్నది పాకం మరిగే ఉష్ణోగ్రతే చెబుతుంది. పంచదార పాకం 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంటే అందులో నీరు సుమారు 13, 14 శాతం ఉన్నట్టు, చల్లటి నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కడుతుంది. 150 డిగ్రీలకు చేరితే మిగిలేది దాదాపు ఒక్క శాతమే, నీళ్లలో వేసి తీసి పళ్లానికేసి కొడితే టంగుమంటుంది. మరమరాల ఉండలకు బెల్లాన్ని బాగా ముదరనిచ్చేది ఇందుకే. మార్ష్‌మెలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. వంద గ్రాముల మార్ష్‌మెలోలో సుమారు 16 గ్రాముల నీరు ఉంటుంది. పంచదార, గ్లూకోజు పాకంలో జిలాటిన్ అనే గడ్డకట్టించే పదార్థం కలిపి, చిలికి గాలి పట్టిస్తే వచ్చే నురుగు అది. పరిమాణంలో సగానికి పైగా గాలే. పూర్వం జిలాటిన్‌కు బదులు చిత్తడి నేలల్లో పెరిగే ఒక మొక్క వేరు జిగురు వాడేవారు. ఆ మొక్కది మన బెండకాయ కుటుంబమే అంటే, ఆ జిగురు ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు.

అంటే ఈ బార్‌లో తేమగల పదార్థాన్ని, ఎండిన పదార్థాన్ని ఒకదానికొకటి అంటించి పెడుతున్నాం. నీరు ఎటు కదులుతుంది? ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి అనుకుంటాం, కానీ లెక్క అది కాదు. నీరు ఎంత ఉన్నదన్నదానికన్నా, అందులో పంచదార చెరలో లేకుండా స్వేచ్ఛగా ఉన్నది ఎంత అన్నది ముఖ్యం. దీన్ని నీటి క్రియాశీలత అంటారు, సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. స్వచ్ఛమైన నీటికి 1. మార్ష్‌మెలోకు సుమారు 0.6 నుంచి 0.7. తాజా మరమరాలకు 0.3 లోపు, అది 0.45 ప్రాంతానికి చేరేసరికి కరకర పోవడం మొదలవుతుంది. ఈ కొలమానంలో ఒక సౌకర్యం ఉంది: గాలికీ ఇదే వర్తిస్తుంది. గాలిలో తేమ 80 శాతం అంటే 0.8. డెల్టాలో వానాకాలపు సాయంత్రాలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పొడి వాతావరణం ఉన్న ఊళ్లలో ఈ బార్లు రెండు రోజులకు బిరుసెక్కుతాయి, ఎందుకంటే మార్ష్‌మెలో తన నీటిని గాలికి వదులుకుంటుంది. అమలాపురంలోనో నరసాపురంలోనో ఆగస్టులో చేస్తే మార్ష్‌మెలోయే గాలి నుంచి నీరు తాగి, తను జిగటై, మరమరాలకూ పంచుతుంది. వంట పుస్తకాలు చెప్పే జాగ్రత్తలు మొదటి కష్టానికి రాసినవి. మన కష్టం రెండోది.

ఈ కష్టాన్ని ఇక్కడివాళ్లు ఎప్పుడో ఎదుర్కొని గెలిచారు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకును చూడండి. కాగితం కన్నా పలచని బియ్యపు పొర, అందులో పంచదార పొడి, పొరల మీద నెయ్యి. పాకం ఊసే లేదు, అంటే నీటి ఊసు లేదు. మడత పెట్టేటప్పుడు మాత్రం రేకును తడిగుడ్డతో కాస్త మెత్తబరుస్తారు, లేకపోతే పెళుసుగా విరిగిపోతుంది. ఆరాక మళ్లీ బిగుసుకుంటుంది. గాజు స్థితి నుంచి బయటికి తెచ్చి, పని చేయించుకుని, తిరిగి అక్కడికే పంపడం! ఆహార శాస్త్ర పాఠ్యపుస్తకంలో ఈ ఉదాహరణ ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

పూతరేకు నుంచి బార్‌కు అరువు తెచ్చుకోదగినది నెయ్యి. అమెరికా పద్ధతిలో వెన్న వాడతారు. వెన్నలో కొవ్వు 80 శాతం పైన ఉంటుంది, నీరు 16 శాతం దాకా ఉండవచ్చు. బాగా కాచిన నెయ్యిలో నీరు అర శాతం కూడా ఉండదు. కొవ్వు పొర మరమరాల చుట్టూ అడ్డుగా నిలిచి నీటి రాకను ఆలస్యం చేస్తుంది, పూర్తిగా ఆపలేదు. అందుకే సగం నెయ్యిని ముందుగా వేయించిన మరమరాలకు పట్టించి, మిగతా సగంలో మార్ష్‌మెలో కరిగించడం మేలు. నెయ్యి వాసన నిమ్మ వాసనను మింగేస్తుందని భయపడేవారు వెన్ననే వాడుకోవచ్చు. నా ఓటు నెయ్యికే.

ఇప్పుడు అసలు చిక్కు, నిమ్మ. రసంలో దాదాపు 90 శాతం నీరే. 300 గ్రాముల మార్ష్‌మెలోలో ఉన్న నీరు సుమారు 48 గ్రాములు. రెండు పెద్ద చెంచాల రసం పోస్తే ఇంకో 27 గ్రాములు చేరుతుంది. దానికి తోడు వేడి మీద ఆమ్లం జిలాటిన్ గొలుసులను తెంచుతుంది. బార్ ముక్కగా నిలబడదు. అదృష్టవశాత్తూ మనం నిమ్మవాసన అనుకునేది రసంలో కన్నా తొక్కలో ఎక్కువ. పై తొక్కలోని చిన్న చిన్న తిత్తుల్లో లిమొనీన్, సిట్రాల్ వంటి నూనెలు ఉంటాయి. నారింజ తొక్కను దీపం దగ్గర నొక్కితే చిటపటమని మెరుపులు లేస్తాయి కదా, మండేది ఆ నూనెలే. ఊదిన రబ్బరు బుడగ మీద పిండితే అది పగలడానికి కారణమూ అవే, లిమొనీన్ రబ్బరును మెత్తబరుస్తుంది. ఇవి నీటిలో సరిగా కరగవు, నేతిలో హాయిగా కరుగుతాయి. తొక్క తురుమును గోరువెచ్చని నెయ్యిలో వేసి కాసేపు ఉంచితే వాసన అంతా నెయ్యిలోకి దిగుతుంది. స్టవ్వు మీద మరిగిస్తే మాత్రం వంటింట్లోకి పోతుంది.

పులుపు కోసం నిమ్మ ఉప్పు చాలు. నీరు చేర్చకుండా పులుపు చేర్చే పొడి అది. కాగితపు నిమ్మకు తొక్క పలచన కాబట్టి తేలిగ్గా, రంగు పోయేంత వరకే తురమాలి. దబ్బకాయ అయితే తురమడానికి అనువుగా ఉంటుంది, వాసనలో గాంభీర్యమూ ఎక్కువే. పంపరపనస జోలికి వెళ్లేవారు కింది తెల్లటి పొరను తాకకపోవడం మంచిది. అందులోని నారింజిన్ చేదు ఒక పట్టాన వదలదు.

చేసే పద్ధతి చెప్పడానికి ఎంతో లేదు. 150 గ్రాముల మరమరాలు వేయించి చల్లార్చాలి. 35 గ్రాముల గోరువెచ్చని నెయ్యిలో నాలుగు నిమ్మకాయల తొక్క తురుము వేసి ఉంచి, అందులో సగం మరమరాలకు పట్టించాలి. మిగతా సగంలో 300 గ్రాముల మార్ష్‌మెలోలను సన్నటి సెగ మీద కరిగించి, కరిగిన వెంటనే దించి, పావు చెంచా నిమ్మ ఉప్పు, ఆ తరువాత మరమరాలు కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పరచాలి. సెగ పెంచితే పని త్వరగా అవుతుంది గాని, బుడగలు పగిలి, నీరు ఇగిరి, మార్ష్‌మెలో కాస్తా ముదురుపాకం అవుతుంది. చల్లారాక దాన్ని కొరకడం దంతాలకు పరీక్ష. పళ్లెంలో అదిమి కొట్టినా అంతే, మధ్యనున్న గాలి పోతుంది.

చల్లారిన ముక్కలను ఫ్రిజ్‌లో పెట్టాలనిపిస్తుంది. పెట్టవచ్చు, తీసేటప్పుడే ప్రమాదం. తేమ నిండిన గాలిలోకి చల్లటి ముక్క రాగానే దాని మీద మంచు బిందువులు కడతాయి, ఇన్ని జాగ్రత్తలూ నీళ్లపాలు. మూత బిగించిన డబ్బాతో సహా బయట పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయాలి. మే నెలలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. జిలాటిన్ పట్టు 35 డిగ్రీల ప్రాంతంలోనే సడలుతుంది, నోట్లో వేసుకోగానే కరిగేది అందుకే. రాజమండ్రి ఎండ 40 దాటిన రోజున డబ్బాలో కూడా అదే జరుగుతుంది. సంక్రాంతి రోజుల చల్లని పొడి గాలి వీటికి బాగా నప్పుతుంది.

శాకాహారులు గమనించవలసింది ఒకటుంది. జిలాటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనాలి. సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్‌తో చేసిన రకమైతే కరగడానికి 85 డిగ్రీల వేడి కావాలి, కాబట్టి ఓపిక పట్టాలి.

తొక్క పోయిన నాలుగు నిమ్మకాయలు మిగిలాయి కదా. వాటిని దాచకండి. కాయలోని నీటిని ఇన్నాళ్లూ కాపాడింది ఆ తొక్కే, అది లేని కాయ త్వరగా ఎండి గట్టిపడుతుంది. ఆ పూటే రసం పిండి పులిహోర కలిపేయండి.