గాదెలో ఎన్ని పూటలకు ఉంది?

రైల్లో పక్క సీటు కుర్రవాడు ఫోనులో పాత క్రికెట్ మ్యాచ్ చూస్తున్నాడు. ఖమ్మం దాటాక బొమ్మ మసకబారి బంతి కనిపించడం మానేసింది. ఆట మాత్రం ఆగలేదు. "సిగ్నల్ తగ్గితే ఆగిపోవాలి కదండీ, మసకెందుకు?" అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్న!

పాతకాలపు గాదెను తలచుకోండి. ధాన్యం ఇంటికి ఎప్పుడు చేరుతుందో తెలియదు, పొయ్యి మాత్రం పూటపూటా వెలగాలి. ఫోనులో ఆ గాదె పేరు బఫర్. దాన్ని బస్తాల్లో కాక పూటల్లో కొలుస్తారు: ఇంకా ఎన్ని సెకన్ల బొమ్మ నిల్వ ఉంది?

సర్వర్‌లో వీడియోను ముందే ముక్కలుగా కోసి ఉంచుతారు. 2009లో ఆపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అనే వీడియో ప్రసార పద్ధతిలో ముక్కకు 6 సెకన్లు ఉండాలని ఇప్పటి సూచన. ప్రతి ముక్కా పలు నాణ్యతల్లో సిద్ధంగా ఉంటుంది. అదే పూటకు అన్నం కావాలా, జావ చాలా అన్నది ఫోనే తేల్చుకుని అడుగుతుంది.

లెక్క చూడండి. సెకనుకు 2 మెగాబిట్ల బొమ్మయితే ముక్క 12 మెగాబిట్లు. నెట్‌వర్క్ వేగం 1 మెగాబిట్‌కు పడిపోతే అది చేరడానికి 12 సెకన్లు. ఈలోగా 12 సెకన్ల నిల్వ ఖర్చయింది, లోపలికి 6 వచ్చాయి. 30 సెకన్ల గాదె నిమిషంలో ఖాళీ, తెర మీద చక్రం గిర్రున తిరుగుతుంది. అదే సెకనుకు అర మెగాబిట్ బొమ్మ ముక్క అడిగితే 3 సెకన్లలో వచ్చేస్తుంది, ముక్కకు 3 సెకన్లు మిగులు. ఆ మసక బొమ్మ గాదెను నింపే జావ!

మరి ఎప్పుడు జావకు దిగాలి? రాబోయే వేగాన్ని అంచనా వేయడం రేపటి వానను చెప్పడం లాంటిది. 2014లో స్టాన్‌ఫర్డ్, నెట్‌ఫ్లిక్స్ పరిశోధకులు ప్రధానంగా గాదె మట్టాన్ని బట్టి నాణ్యతను ఎంచే పద్ధతిని నిజమైన ప్రేక్షకులపై పరీక్షించారు. ఆగిపోవడాలు 10 నుంచి 20 శాతం తగ్గాయి. గాదె ఖాళీగా ఉండే ఆరంభంలో మాత్రం వేగం అంచనా తప్పదు.

ఫోను మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉంటే వేగం ఉన్నట్టేనన్న నమ్మకం వదులుకోవాలి. టవరు సంకేతం ఎంత బలంగా అందుతోందో అవి చెబుతాయి, ఆ టవరును ఎంతమంది పంచుకుంటున్నారో చెప్పవు. బడిలో తరంగాల సూత్రాలు బట్టీ పట్టించే మనం ఈ తేడా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఫోను సంభాషణలో పెద్ద గాదె కట్టే వీలే లేదు. మాట చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే సంభాషణ కుంటుపడుతుంది. అందుకే ఇంటర్నెట్ కాల్స్‌లో మాటను కుదించి పంపే ఒపస్ కోడెక్ ధ్వనిని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపుతుంది. ఒకటి దారిలో పోతే, ముందున్న ధ్వనినే సాగదీసి ఆ ఖాళీని పూడుస్తుంది. అచ్చులో ఒకే అల మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి "అమ్మా" చివరి దీర్ఘం కాస్త సాగినా చెవికి పట్టదు. క, ట లాంటి హల్లు పోతే సాగదీయడానికి అక్కడ ఏమీ ఉండదు. "ఏమన్నారు?" అని మనమే అడగాలి.