సొలొమోను మందిరం కోసం వెట్టి చేసిందెవరు?

యెరూషలేములో దేవుడి మందిరం కట్టించిన ఇశ్రాయేలు రాజు సొలొమోను చనిపోయాక పట్టాభిషేకానికని కొడుకు రెహబాము షెకెముకి వెళ్తే, అక్కడ జనం అడిగింది ఒక్కటే. మీ నాన్న మా మెడ మీద పెట్టిన కాడి చాలా బరువుగా ఉంది, కాస్త తేలిక చెయ్యి, నీకు సేవ చేస్తాం అన్నారు. మూడు రోజులాగి రమ్మన్నాడు. మెత్తగా జవాబు చెప్పమని పెద్దవాళ్లు చెప్పినా, తనతో పెరిగిన కుర్రాళ్ల మాటే పట్టుకుని, మా నాన్న చబుకులతో కొట్టాడు, నేను తేళ్లతో కొడతాను అన్నాడు. హీబ్రూ మూలంలో ఉన్న మాట తేళ్లే. అంతే, ఉత్తరాది గోత్రాలు తిరగబడ్డాయి. రాజ్యం రెండు ముక్కలైంది. ఇది క్రీ.పూ. 930 ప్రాంతంలో.

ఆ గొడవలో జనం రాళ్లతో కొట్టి చంపింది ఒక అధికారిని. పేరు అదోరాము. అతని పని వెట్టి చేయించడం! సొలొమోను కాలంలో వెట్టివాళ్ల మీద పెత్తనం చేసిన అదోనీరాము ఇతనేనని చాలామంది పండితుల అభిప్రాయం. రాళ్లు మోసినవాళ్లు ఆ రాళ్లతోనే జవాబు చెప్పారని నాకు అనిపిస్తుంది, ఆ వాక్యం చదివిన ప్రతిసారీ.

మందిరం అనగానే మనకి బంగారు రేకులు, కెరూబులనే రెక్కల దూతల బొమ్మలు గుర్తొస్తాయి. లెక్కలు మాత్రం ఎవరూ చెప్పరు. అవి బైబిల్లోని మొదటి రాజుల గ్రంథంలోనే ఉన్నాయి. దేవదారు మానుల కోసం 30,000 మంది ఇశ్రాయేలీయుల్ని నెలకు 10,000 చొప్పున వంతులేసి లెబానోనుకి పంపారు. ఒక నెల అడవిలో, రెండు నెలలు ఇంటి దగ్గర. ఇంటిదగ్గర ఉన్న ఆ రెండు నెలల్లోనే దుక్కి, విత్తు, కోత అన్నీ అయిపోవాలి. వీళ్లు కాక బరువులు మోసేవాళ్లు 70,000, కొండల్లో రాళ్లు కొట్టేవాళ్లు 80,000, వాళ్ల మీద మేస్త్రీలు 3,300. ఈ అంకెలు అక్షరాలా నిజమా అనే చర్చ ఉంది గానీ, రాసినవాళ్లు ఈ భారాన్ని దాచలేదన్నది ముఖ్యం. తెలుగు బైబిల్లో దీనికి వాడిన మాట కూడా వెట్టే. వెట్టిచాకిరీ ఎలా ఉంటుందో తెలంగాణలో పెద్దవాళ్లున్న ఇంట్లో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇదే గ్రంథం 9వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుల్ని రాజు దాసులుగా చేయలేదని, వెట్టికి పెట్టింది ఆ దేశంలో ముందు నుంచీ ఉండి మిగిలిపోయిన కనానీయుల్నే అని ఉంది. 5వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులందరిలో నుంచీ అని ఉంది. రెండూ పక్కపక్కనే వదిలేశారు. షెకెములో ఉత్తరాది జనం ఏమడిగారో చూస్తే నేను 5వ అధ్యాయాన్నే నమ్ముతాను.

ఇప్పుడు కొలతలు చూడండి. మందిరం పొడవు 60 మూరలు, వెడల్పు 20. మూరకి అడుగున్నర వేసుకుంటే 90 అడుగులకి 30 అడుగులు, మనం ఊహించుకునేంత పెద్దదేం కాదు. రాజు నగరులో, అంటే రాజభవనంలో, లెబానోను అరణ్య గృహం అనే ఒక్క హాలే 100 మూరలకి 50 మూరలు. నేల కొలతలో మందిరానికి నాలుగింతల పైమాటే. మందిరం కట్టడానికి 7 ఏళ్లు పడితే రాజు ఇంటికి 13 ఏళ్లు పట్టింది. రాజు పెళ్లాడిన ఫరో కూతురికి వేరే ఇల్లు, ఆపైన యెరూషలేములో మిల్లో అనే కట్టడం, ఊరి ప్రాకారం, హాసోరు, మెగిద్దో, గెజెరు అనే పట్టణాలు. 20 ఏళ్లయ్యేసరికి దేవదారు మానులు ఇచ్చిన తూరు రాజు హీరాముకి గలిలయలో 20 ఊళ్లు రాసివ్వాల్సి వచ్చింది. ఆయన వచ్చి చూసుకుని, ఇవేం ఊళ్లని పెదవి విరిచాడు. ఆ ఊళ్లలో ఉన్న మనుషులు ఏమనుకున్నారో ఎక్కడా రాయలేదు.

ఇక తవ్వకాల సంగతి. మందిరం ఉన్న కొండ మీద తవ్వడానికి లేదు, ఇవాళ అది ముస్లింలకీ యూదులకీ పవిత్ర స్థలం. మన దగ్గర నుంచి వెళ్లిన కొందరు భక్తులు పశ్చిమ గోడే సొలొమోను గోడ అనుకుంటారు, అది హేరోదు రాజు కాలం నాటిది, అంటే దాదాపు 900 ఏళ్ల తర్వాతది. అసలు మందిరాన్ని క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం తగలబెట్టి, యాకీను, బోయజు అనే ఇత్తడి స్తంభాల్ని ముక్కలు చేసి పట్టుకుపోయింది. హాసోరు, మెగిద్దో, గెజెరుల్లో మాత్రం ఒకే తరహాలో ఆరు గదుల కోట ద్వారాలు బయటపడ్డాయి. ఇవి సొలొమోను కట్టించినవేనని పురావస్తు శాస్త్రవేత్త ఇగాయెల్ యాదిన్ అన్నాడు. 1996 నుంచి ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టయిన్ అనే మరో పురావస్తు శాస్త్రవేత్త, కాదు, తర్వాతి శతాబ్దంలో ఉత్తరాది రాజులవి అని వాదిస్తున్నాడు. గొడవ ఇంకా తేలలేదు.

మళ్లీ మనుషుల దగ్గరికొద్దాం. మిల్లో కట్టేటప్పుడు చురుగ్గా ఉన్నాడని యోసేపు ఇంటివారి, అంటే ఉత్తరాది గోత్రాలవాళ్ల, వెట్టిపని మీద సొలొమోను ఒక యువకుణ్ని పెట్టాడు. అతనే యరొబాము. ఆ పని దగ్గరుండి చూసినవాడే రాజుకి ఎదురు తిరిగి, ప్రాణభయంతో ఐగుప్తుకి (ఈజిప్టు) పారిపోయి అక్కడి రాజు షీషకు దగ్గర దాక్కున్నాడు, తర్వాత చీలిపోయిన ఉత్తర రాజ్యానికి మొదటి రాజయ్యాడు. రెహబాము ఏలుబడి 5వ ఏట అదే షీషకు యెరూషలేము మీదకి దండెత్తాడు. ఐగుప్తులోని కర్నాక్ గుడి గోడ మీద ఫరో షోషెంక్ (ఈ షీషకే అంటారు) చెక్కించుకున్న ఊళ్ల జాబితా ఈ దండయాత్రదేనని చాలామంది పండితులు అంటారు. అందులో మెగిద్దో ఉంది, మిగిలిన భాగంలో యెరూషలేము పేరు కనబడదు.

షీషకు మందిరంలో, నగరులో ఉన్న సొమ్మంతా ఊడ్చుకుపోయాడు. అరణ్య గృహంలో సొలొమోను పెట్టించిన బంగారు డాళ్లు కూడా పోయాయి. వాటి బదులు రెహబాము ఇత్తడి డాళ్లు చేయించాడు. రాజు మందిరానికి వెళ్లినప్పుడల్లా కాపలావాళ్లు వాటిని మోసుకొచ్చి, పని అవ్వగానే మళ్లీ తీసుకెళ్లి తమ గదిలో పెట్టేసేవాళ్లు.